వ్యక్తిగత కారణాల వల్ల

మే నెలలో మేం చేయాల్సిన పనులు ఇవి. స్కూల్ వాట్సాప్ గ్రూపులో కరస్పాండెంట్ సార్ పెట్టినవి పెట్టినట్టే రాస్తున్నాను.

ఎండెక్కకముందే ఆటో ఎక్కాలి.
ఎవరి ఊళ్లు వాళ్లే తిరగాలి. పక్క టీచర్ ఊళ్లో కాలు పెట్టకూడదు.
పాంప్లెట్ గోడకు అంటించకూడదు, తల్లి చేతికే ఇవ్వాలి.
పిల్ల పేరు అడగాలి. రెండోసారి పేరు పెట్టి పిలవాలి.
సర్కారు బడిని తిట్టకూడదు. మన బస్సు ఫొటో చూపిస్తే చాలు.
నీళ్లు ఇస్తే తాగాలి. కూర్చోమంటే నేల మీదైనా కూర్చోవాలి.
ఐదో తరగతి అయిపోయిన పిల్లల టీసీ ఆ రోజే చేతికి తీసుకోవాలి. రేపు ఇస్తామన్నారంటే ఆ అడ్మిషన్ పోయినట్టే.
“నేనున్న కదా” అని చెప్పాలి.

ఆఖరిది సార్ గ్రూపులో పెట్టలేదు, మీటింగులో నోటితో చెప్పాడు. తల్లిదండ్రులు నూరు ప్రశ్నలు అడుగుతారు, అన్నిటికీ అదొక్కటే జవాబు అన్నాడు.

ప్రైవేటు బడి టీచర్ల ఎండాకాలం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సెలవులు పిల్లలకే. మేం ఊరూరూ తిరిగి పిల్లలను పట్టుకురావాలి. దాన్ని క్యాన్వాసింగ్ అంటారు. తెచ్చిన టీసీలను ఎవరి దగ్గర వాళ్లు దాచుకుని, బడి తెరిచే ముందు తమ పేరు రాసిన కట్టగా ఆఫీసులో ఇస్తారు. ముందే ఇస్తే ఆఫీసు వాళ్లు ఆ అడ్మిషన్ ఇంకొకరి పేరు మీద రాసుకుంటారని అందరికీ భయం. టీసీ ఉన్నవాళ్లదే పిల్ల. అది లేకుండా ఆ పిల్లను ఇంకే బడీ ఆరో తరగతిలో చేర్చుకోదు.

నా పేరు షాజియా. మాది కొల్లాపూర్. బడి పేరు మాత్రం రాయను. రాస్తే అదొక కేసు. మా అబ్బా అబ్దుల్ వహాబ్ మామిడి సీజన్‌లో మండీలో కాయలు పెట్టెలకు సర్దుతాడు, మిగతా రోజులు బస్టాండ్ దగ్గర గొడుగులు, సంచుల జిప్పులు బాగుచేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే మొదటిదాన్ని. తెలుగు పండిట్ ట్రైనింగ్ చేశాను. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల తెలుగు చెప్పడమేంటని నవ్విన వాళ్లున్నారు. వెంకటయ్య సార్ నవ్వలేదు. బడి పెట్టింది ఆయన. ఇంటర్వ్యూలో ఒక పద్యం చదవమన్నాడు, కళ్లు మూసుకుని విన్నాడు, సోమవారం నుంచి రమ్మన్నాడు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టాడు. ఏ ప్రైవేటు బడిలోనైనా అంతే. టీచర్ మధ్యలో మానేసి పోకుండా కాగితాలు పట్టి ఉంచుతారు. “నా బీరువాల ఉంటే నీ ఇంట్ల ఉన్నట్టే బిడ్డా” అన్నాడు. ఆయనున్నన్నాళ్లు అది నిజమే.

ఆ బడికి నేనేం చేశానో చెప్పుకుంటే గొప్పలు అవుతాయి. రెండు ముక్కలే చెబుతాను. వనపర్తిలో పెద్ద బడి వాళ్లు పిలిచినప్పుడు, పదో తరగతి పిల్లలను నడిమధ్యలో వదలలేక అక్కడికి వెళ్లలేదు. కరోనా అప్పుడు జీతం రాకపోయినా అబ్బా ఫోన్ తీసుకుని దాంట్లో పాఠం చెప్పాను. తర్వాత వెంకటయ్య సార్ పోయాడు. కొడుకు ఉదయ్ కిరణ్ హైదరాబాద్ నుంచి వచ్చి కరస్పాండెంట్‌గా తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ మార్చాడు కూడా, చక్రాలున్నది తెచ్చుకున్నాడు.

జూన్‌లో బడి తెరిచే ముందు శనివారం స్టాఫ్ మీటింగ్. ఆ రోజు లేడీ టీచర్లకు యూనిఫాం చీరలు ఇస్తారు. ఏటా నేనే పేర్లు పిలిచి పంచేదాన్ని. ఈసారి ఆఫీసు క్లర్కు పంచాడు. నెమలికంఠం రంగు చీర, కవర్ మీద పేరు చీటీ. టేబుల్ ఖాళీ అయింది. నా పేరు రాలేదు. నా పక్కనే కొత్తమ్మాయి ఒకతె కవర్ విప్పి కొంగు చూసుకుంటోంది. ఏ సబ్జెక్టని అడిగాను. తెలుగు అంది.

నేను నేరుగా ఆఫీసు గదిలోకి పోయాను. ఉదయ్ కిరణ్ ఫోన్ చూస్తూనే కూర్చోమన్నాడు.

“ఈ ఏడు హైదరాబాద్ కార్పొరేట్ బడి వాళ్లతోటి టైఅప్ అయినం షాజియా. టీచర్లను వాళ్లే పంపుతరు. తెలుగుకు గింత సీనియర్ ఎందుకంటున్నరు. నా చేతుల ఏం లేదు.”

“మీకు ఎప్పుడు తెలిసింది సార్?”

“మార్చిల అగ్రిమెంట్ అయింది.”

“మరి మే నెలల ఎందుకు చెప్పలేదు?”

ఫోన్ పక్కన పెట్టి నా మొహం చూశాడు. ఏదో తెలియని పిల్లకు లెక్క చెబుతున్నట్టు చెప్పాడు.

“మేల చెప్తే ఊళ్లు ఎవరు తిరగాలె?”

కోపమైనా రాలేదప్పుడు. నా ఒరిజినల్స్ ఇవ్వమన్నాను. గురుకులంలో తెలుగు టీచర్ పోస్టుకు పరీక్ష రాశాను, మెరిట్ లిస్టులో పేరొచ్చింది, గురువారం హైదరాబాద్‌లో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపించకపోతే ఆ ఉద్యోగం లిస్టులో నా తర్వాత ఉన్నవాళ్లకు పోతుంది. ఇదంతా అతనికి చెప్పాను. తీసేసినా ఇంకో దారి ఉందని తెలిస్తే అతనికీ మనసు తేలిక పడుతుందనుకున్నాను. అట్లా అనుకునే మనుషులం మేం.

మంచిదే అన్నాడు. రాజీనామా ఒకటి రాసి తీసుకుపొమ్మన్నాడు. ఏం రాయాలో కూడా అతనే చెప్పాడు. “వ్యక్తిగత కారణాల వల్ల” అని రాశాను. సంతకం పెట్టాను. అతను లేచి బీరువా తీశాడు. నా ఫైల్ మీద నా చేతిరాతే ఉంది, నేను చేరిన రోజు రాసింది. దాన్ని బయటికి తీసి, నా వైపు చాపబోతూ ఆగాడు.

“లింగాల దిక్కు టీసీలు ఆఫీసుల ఇచ్చినవు గద?”

“లేదు సార్. నా దగ్గరనే ఉన్నయి.”

తొందరపడ్డానని అతనికి అప్పుడు అర్థమైంది. మిగతా టీచర్లు మీటింగుకు వస్తూనే తమ కట్టలు ఇచ్చేశారు. నేను చీరలు అయ్యాక ఇద్దామనుకున్నాను. లింగాల దిక్కు అడవి అంచు ఊళ్లు నావి, హాస్టల్ పిల్లలంతా అక్కడి నుంచే రావాలి. హాస్టల్ నిండకపోతే హైదరాబాద్ వాళ్లు అగ్రిమెంట్ మళ్లీ చూస్తామన్నారని స్టాఫ్‌లో అందరికీ తెలుసు. ఫైల్ మళ్లీ లోపల పెట్టి బీరువా తాళం వేశాడు. రాజీనామా మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

టీసీలు తెచ్చి ఇవ్వమన్నాడు. అంతటితో అయిపోలేదు. ఆ తల్లిదండ్రుల గ్రూపులో నా గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాలట.

“పెండ్లి కుదిరింది, అందుకే మానేస్తున్న, కొత్త మేడం మంచిగ చెప్తది, మీరు పరేషాన్ గావొద్దు అను. నీ గొంతు అయితే నమ్ముతరు.”

“నాకు పెండ్లి కుదరలేదు సార్.”

“వ్యక్తిగత కారణమని నువ్వే రాస్తివి గద. ఏ కారణమో ఒకటి చెప్పాలె గద జనానికి.” నవ్వాడు. “గట్లనన్న కుదురుతదేమో. వయసు ఆగుతదా?”

నేను లేచి వచ్చేశాను. గేటు దగ్గర ఆయా కిష్టమ్మ నీళ్లు చల్లుతోంది. నా చేతిలో చీర కవర్ లేకపోవడం చూసింది.

ఇంట్లో ఆ రోజు జరిగిన గొడవ నేను మరిచిపోలేను. మా అమ్మీ కుల్సుమ్‌బీ పెళ్లి అబద్ధం విని తల పట్టుకుంది. రేపు బజార్లో ఎవరితో కుదిరిందని అడిగితే ఏం చెప్పాలి, ఎల్లుండి ఎందుకు తప్పిపోయిందని అడిగితే ఏం చెప్పాలి, ఒక్క అబద్ధానికి ఇంటి గుమ్మం ముందు ఎంతమంది నిలబడతారో నీకు తెలుసా అంది. అబ్బా మాత్రం ఇంకోరకంగా మాట్లాడాడు. వాయిస్ పెట్టొద్దు, టీసీలు ఇవ్వొద్దు అన్నాడు. వాడు నీ కాగితాలు పట్టుకున్నాడు, నువ్వు వాడి కాగితాలు పట్టుకో, బుధవారం బడి తెరుస్తాడు, పిల్లలు లేకపోతే వాడే పరుగెత్తుకుంటూ వస్తాడు. మండీలో బేరం అట్లనే తెగుతుందట.

అవి వాడి కాగితాలు కావని నేనన్నాను. లింగాల దిక్కు ఎల్లయ్య బిడ్డ రోజా కాగితం, ఇంకా ఆ ఊళ్ల పిల్లలవి. బేరం తెగకపోతే వాళ్లు ఏ బడికీ పోలేరు.

అబ్బా చేతిలోని గొడుగు కర్ర నేల మీద పెట్టాడు. ఆ పిల్లలకు ఏదో బడి దొరుకుతుంది, నీకు ఈ గురువారం మళ్లీ దొరుకుతుందా అన్నాడు. నన్ను చదివించడానికి ఎవరెవరి ముందు నిలబడ్డాడో ఒక్కొక్కటి చెప్పాడు. ఎప్పుడూ చెప్పని మనిషి చెబుతుంటే వినడం కష్టం.

ఆదివారం పొద్దున కిష్టమ్మ వచ్చింది.

కిష్టమ్మ మా బడి ఆయా. వెంకటయ్య సార్ అద్దె ఇంట్లో బడి మొదలుపెట్టిన రోజు ఊడ్చింది ఆమే. గేటు తాళంచెవి ఆమె కొంగుకే ఉంటుంది. పొద్దున గేటు తీసేది, గంట కొట్టేది, చిన్నపిల్లల ముక్కు తుడిచేది ఆమే. ఉదయ్ కిరణ్‌కు చిన్నప్పుడు అన్నం తినిపించింది కూడా ఆమే. క్యాన్వాసింగ్‌కు టీచర్లతో పాటు తిరుగుతుంది. ఊళ్లలో మా మాట కంటే ఆమె మాటే ముందు లోపలికి పోతుంది.

లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే కూర్చుంది.

“టీసీల సంచి తెమ్మన్నడు. తేకుంటే బుధవారం నుంచి నన్ను గూడ రావొద్దన్నడు.”

అవ్వా, ఇప్పుడు నన్నేం చేయమంటవని అడిగాను.

“నువ్వేం జేస్తవో నాకెందుకు? తెమ్మన్నడు, వచ్చిన. ఇయ్యలేదంటే ఇయ్యలేదని చెప్త.” కొంగుకున్న తాళంచెవి తిప్పింది. “ఎల్లయ్య ఇంటికాడ ఏమన్నమో యాదికున్నదా టీచరమ్మా?”

గుర్తుంది. ఎల్లయ్య అడవి పనికి పోతాడు. వారాల తరబడి ఇంట్లో ఉండడు. భార్య లేదు. బిడ్డను హాస్టల్లో వేయనంటే వేయనన్నాడు. ఆడపిల్ల, రాత్రి భయపడితే ఎవరున్నారని అడిగాడు. నేను పగలంతా నేనున్న కదా అన్నాను. కిష్టమ్మ రాత్రి పిల్లల పక్కన నేను పండుకుంట అంది. అతను చాలాసేపు ఇద్దరి మొహాలూ చూసి, ఇంటి కప్పులోంచి ప్లాస్టిక్ కవర్ తీసి టీసీ నా చేతిలో పెట్టాడు.

“ఇద్దరం ఉన్నమని చెప్పినం,” అంది కిష్టమ్మ. “ఇద్దరమే పోయి లేమని చెప్పి వద్దాం.”

“నీ నౌకరి పోతది అవ్వా.”

“నన్ను అడ్డం పెట్టి నీతోటి అబద్ధం ఆడిపిస్తడా ఆడు? ముడ్డి కడిగిన చేతులివి. నాకే జెప్తడా?”

సోమవారం, మంగళవారం తిరిగాం. మే నెలలో స్కూల్ ఆటో ఉండేది. ఇప్పుడు బస్సులు, దొరికిన చోట షేర్ ఆటో, మిగతాది నడక. అవే ఊళ్లు, అవే గడపలు. మే నెలలో మంచం వాల్చిన ఇళ్లలో ఈసారి నిలబెట్టే మాట్లాడించారు. నేను ప్రతి ఇంట్లో ఒకటే చెప్పాను. నన్ను తీసేశారు. మీ పిల్లను నేను చూసుకుంటానని చెప్పి ఈ కాగితం తీసుకున్నాను. ఇప్పుడు చూసుకోలేను. కాగితం మీది, మీ ఇష్టం ఉన్న బడిలో వేసుకోండి.

ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని పోలేదు కానీ, అంత తిడతారనీ అనుకోలేదు. ఒక తల్లి టీసీ లాక్కుని, ఎండాకాలమంతా మా ఇంటి చుట్టు తిరిగి సర్కారు బడి వద్దనిపించిందెవరు, మీరు మీరు కొట్లాడుకుంటే నడుమ నా కొడుకు ఏం గావాలె అని అడిగింది. ఇంకో ఇంట్లో జీతం పెంచలేదని అలిగి పిల్లలను చెడగొడుతోందని నా ముందే పక్కింటి వాళ్లతో అన్నారు. ఒకాయన కిష్టమ్మను చూపించి, ఈ ముసల్దాన్ని ఎందుకు వెంటేసుకొచ్చినవు, సాక్ష్యానికా అని నవ్వాడు. ఇంకొకాయన, మాకు మీ పంచాయితీ అక్కర్లేదు, మా పిల్ల ఆ బస్సే ఎక్కుతదన్నాడు. సరేనని ఆయన చేతికీ కాగితం ఇచ్చాను.

ఎల్లయ్య ఇల్లు ఆఖరున. గుమ్మంలో కొత్త ఇనుప పెట్టె ఉంది, హాస్టల్‌కు కొన్నది. దాని మీద తెల్ల రంగుతో రోజా అని రాసి ఉంది. అక్షరాలు వంకర పోయాయి, ఆ పిల్లే రాసుకుందట. మమ్మల్ని చూసి రోజా లోపలికి ఉరికి రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. ఇప్పుడే తీసుకుపోతామనుకుంది.

చెప్పాల్సింది చెప్పాను. ఎల్లయ్య నన్నేమీ అనలేదు. కిష్టమ్మ వైపు తిరిగాడు.

“పక్కన పండుకుంటనంటివి గదనే ముసల్దానా. బిడ్డ తలకాయ మీద చెయ్యి వెట్టి చెప్తివి.”

“చెప్పిన.”

“గట్లెట్ల చెప్తివి? నీ చేతుల ఉన్న పనేనా అది?”

“నా చేతుల ఉన్నదనుకున్న బిడ్డా.” కిష్టమ్మ తల దించుకుంది. ఆమెను అట్లా నేనెప్పుడూ చూడలేదు. “నా చేతుల ఈ గేటు చెవి తప్ప ఏం లేదని మొన్ననే తెలిసింది.”

రోజా రిబ్బన్లు విప్పుకుంది. ఎల్లయ్యను గవర్నమెంట్ ఆశ్రమ పాఠశాల సంగతి అడిగాను. అంతకుముందు అక్కడే వేద్దామనుకున్నాడు, మేం పోయి మనసు మార్చాం. అక్కడే నిలబడి ఆ బడి వార్డెన్‌కు ఫోన్ చేశాను. సీట్లు ఇంకా ఉన్నాయి, రేపే పిల్లను, టీసీని తీసుకురమ్మన్నారు. ఎల్లయ్య సరేనన్నాడు. మంచినీళ్లు ఇవ్వలేదు. మేం అడగలేదు.

తిరిగొచ్చే బస్సులో ఉదయ్ కిరణ్ ఫోన్ చేశాడు. ఎవరో చెప్పేసినట్టున్నారు. నేను ఎత్తగానే మొదలుపెట్టాడు. నువ్వు దొంగవు, స్కూల్ అడ్మిషన్లు ఎత్తుకుపోయి పంచిపెట్టినవు, నీ మీద కేసు పెడతా, గురువారం ఎట్ల పోతవో చూస్తా అన్నాడు. కిష్టమ్మకు కూడా వినిపించింది.

బుధవారం పొద్దున ఒరిజినల్స్ కోసం బడికి పోయాను. రావద్దని అబ్బాకు చెప్పినా వెనకాలే వచ్చి రోడ్డు అవతల నిలబడ్డాడు.

గేటు మూసి ఉంది. ముందు బస్సులు, ఆటోలు, కొత్త యూనిఫాం వేసుకున్న పిల్లలు, తల్లిదండ్రులు. ఉదయ్ కిరణ్ కారు కూడా బయటే ఉంది. నీలం రంగు కోటు తొడుక్కున్న కొత్త ఆడమనిషి ఒకామె చీపురు పట్టుకుని గోడకు ఆనుకుంది. కాంట్రాక్టు వాళ్లు పంపిన మనిషట. ఆమెను పెట్టుకోవడం గుర్తుంది కానీ, గేటు తాళంచెవి కిష్టమ్మ కొంగుకు ఉందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. రెండో చెవి ఎక్కడుందో తెలిసిన వెంకటయ్య సార్ లేడు.

కిష్టమ్మ రోజూ వచ్చే వేళకే వచ్చింది. చీపురు పట్టుకున్న మనిషిని చూసి ఆగింది. కళ్లు ఆ చీపురు మీదే ఉన్నాయి. ఆమెది పొట్టి చీపురు, ఇది పొడుగు కర్రది.

ఉదయ్ కిరణ్ కారు అద్దం దించి, తాళం తీసి చెవి ఆమెకిచ్చి పో అన్నాడు. అంతే. ఇన్నేళ్ల మనిషికి అతను చెప్పిన మాట అది.

నేను కారు దగ్గరకు పోయి నా సర్టిఫికెట్లు అడిగాను. అతను దిగి, నాకు కాకుండా జనానికి జవాబు చెప్పాడు. మేడంకు పెండ్లి కుదిరింది, పోతూ పోతూ నాకు నష్టం చేసిపోతుంది అన్నాడు.

“నాకు పెండ్లి కుదరలేదు,” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. “నన్ను తీసేసిండు. నా ఒరిజినల్స్ బీరువాల పెట్టుకుని ఇస్తలేడు. రేపు నాకు వెరిఫికేషన్ ఉంది.”

“లెటర్ ఉంది నా దగ్గర. నీ చేతిరాతతోటి రాసిందే. చదవమంటవా?”

ఎవరో నవ్వారు. ఒకామె పెద్దగానే అంది, పొద్దుగాల పొద్దుగాల ఏం లొల్లి ఇది, పిల్లలు ఎండల నిలబడ్డరు అని. అప్పుడు మా బస్సు డ్రైవర్ శేఖర్ కిష్టమ్మతో అన్నాడు.

“తియ్యకు అవ్వా. మేడం కాయిదాలు తెచ్చి ఇచ్చినంక తియ్యి. చెవి నీ చేతుల ఉన్నది.”

ఇద్దరు ముగ్గురు తండ్రులు అవునన్నారు. రోడ్డు అవతల నుంచి అబ్బా కూడా దగ్గరికి వచ్చాడు. మండీ బేరం ఇప్పుడు కుదిరింది. ఉదయ్ కిరణ్ మొహంలో రంగు మారింది. హైదరాబాద్ వాళ్ల మనిషి ఒకాయన కారు వెనక సీట్లో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఇంకొంచెం సేపు గేటు తెరవకపోతే నా ఫైల్ బయటికి వచ్చేదని నాకు ఇప్పటికీ నమ్మకం.

కిష్టమ్మ నన్ను చూసింది. నేను తియ్యమనలేదు, తియ్యొద్దనలేదు.

ఆమె పిల్లలను చూసింది. జూన్ వచ్చినా వాన లేదు, ఎండ అప్పుడే మాడుస్తోంది. మొదటి తరగతి పిల్ల ఒకతె సంచి కింద పడేసి ఏడుస్తోంది. కిష్టమ్మ ఆ పిల్ల ముక్కు కొంగుతో తుడిచి, అదే కొంగు ముడి విప్పి తాళం తీసింది. గేటు రెండు రెక్కలూ తోసింది. పిల్లలు ఆమె పక్కనుంచి, ఎప్పటిలాగే ఆమెను రాసుకుంటూ లోపలికి ఉరికారు. అందరూ పోయేదాకా రెక్క పట్టుకుని నిలబడింది. తర్వాత చెవిని ఆ కొత్త ఆమె చేతిలో పెట్టింది. జర ఎడమకు తిప్పితేనే వస్తదని చెప్పింది.

కారు లోపలికి పోయింది. గేటు మూశారు.

శేఖర్ ఆమెను తిట్టాడు. అబ్బా కూడా ఏదో అనబోయాడు. కిష్టమ్మ నా దగ్గరకు వచ్చింది.

“నీకు అన్యాలం జేసిన టీచరమ్మా. ఆ పిల్లలు నాకేం జేసిండ్రు?”

ముందురోజు వరకు ఇంటింటికీ తిరిగి నేను చేసిందీ అదే కదా.

గురువారం హైదరాబాద్ పోయాను. జిరాక్సులు చూపించాను. టేబుల్ అవతల ఉన్నావిడ మర్యాదగానే మాట్లాడింది. ఒరిజినల్ లేకుండా రూలు ఒప్పుకోదమ్మా, సాయంత్రం లోపల తెప్పించుకోగలవా అని అడిగింది. వరండాలో నిలబడి ఉదయ్ కిరణ్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. చివరికి మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టాడు. సాయంత్రం ఆవిడ కాగితాలు సర్దుకుంటూ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

శుక్రవారం పొద్దున శేఖర్ మా ఇంటికి ఫైల్ తెచ్చాడు. సార్ పంపిండని చెప్పి, కూర్చోకుండా వెళ్లిపోయాడు. అన్నీ ఉన్నాయి, ఒక్క మెమో కూడా తగ్గలేదు. అన్నిటికంటే పైన నా రాజీనామా జిరాక్స్ పిన్ చేసి పెట్టాడు. వ్యక్తిగత కారణాల వల్ల. నా చేతిరాత గుండ్రంగా, నల్లబల్ల మీద రాసినంత నీట్‌గా ఉంది.

అబ్బా ఆ కాగితం చించబోతే వద్దన్నాను. ఇంటి వెనక గదిలో ట్యూషన్ మొదలుపెట్టాను. అబ్బా ఇప్పటికీ నాతో ఎక్కువ మాట్లాడడు. ఉదయ్ కిరణ్ మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా అనుకోవడం లేదు. హాస్టల్ సగమే నిండిందట. విని సంతోషపడ్డాను, దాచుకోవడమెందుకు. రోజా ఆశ్రమ పాఠశాలలో ఉంది. మొన్న వార్డెన్ ఫోన్ నుంచి నాకు ఫోన్ చేసి, పెట్టెకు తాళం పోయిందని చెప్పింది.

నాకైతే అడిగి తెచ్చుకోవడానికి ఒక ఫైల్ ఉంది. తీసేసినందుకు చేతిలో ఒక రాజీనామా జిరాక్స్ అయినా ఉంది. కిష్టమ్మ దగ్గర ఆ బడిలో పనిచేసినట్టు చూపించడానికి చీటీ ముక్క లేదు. రాజీనామా రాయమని కూడా ఆమెను ఎవరూ అడగలేదు. ఇప్పుడు కూలికి పోతోంది. బడి గంట వినబడే దారిలో మాత్రం పోదు, చుట్టు తిరిగి పోతుంది.

ఆ బడిలో చదివిన వాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఇప్పుడు ఏ ఊళ్లో ఏ ఉద్యోగంలో ఉన్నా సరే, ఒక్కటి అడుగుతున్నాను. మీరు ఆలస్యంగా వచ్చిన రోజుల్లో, పెద్ద సారు చూడకముందే గేటు సందులోంచి మిమ్మల్ని లోపలికి లాగిన చెయ్యి ఒకటుంది. మీరంతా ఆయమ్మ అని పిలిచారు. ఆమె పేరు కిష్టమ్మ. గుర్తుపెట్టుకోండి.